ముందు ఒకటా, రెండా, మూడా: విశాఖ దారులకు తగిన సైకిల్ గేర్లు ఎంచుకోవడం ఎలా

గేర్ల సైకిల్ కొనడానికి దుకాణానికి వెళ్లినవారిలో ఎక్కువమంది మొదట అడిగేది ఎన్ని గేర్లున్నాయన్న సంగతే. ఇరవై ఒకటి ఉంటే మేలురకమనీ, తొమ్మిదో పదో ఉంటే ఏదో తగ్గించి అంటగడుతున్నారనీ అనుకుంటారు. తీరా చూస్తే ఖరీదైన మౌంటెన్ సైకిళ్లలో దాదాపు అన్నింటికీ ఇప్పుడు ముందు ఒక్క చైన్‌రింగే, అంటే పెడళ్ల దగ్గర చైను తిరిగే పళ్ల చక్రం ఒక్కటే, ఉంటోంది. తక్కువ ధర సైకిళ్లలో చాలావాటికి మూడు ఉంటున్నాయి. రోడ్డు సైకిళ్లు ఎక్కువగా రెండింటి దగ్గర నిలిచాయి. కాబట్టి సంఖ్య పెరిగినకొద్దీ సైకిలు మెరుగవుతుందన్న లెక్క నిలవదు.

అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. మీరు వెళ్లే దారుల్లో అన్నిటికంటే నిటారైన ఎక్కుడు ఏది, దాన్ని సీటు మీద కూర్చునే, మోకాళ్ల మీద భారం పడకుండా ఎక్కడానికి సరిపడే తేలిక గేరు ఆ సైకిలుకు ఉందా అన్నదే ఆ ప్రశ్న. చదును నేల ఉన్న ఊళ్లలో దీన్ని పట్టించుకోకపోయినా గడిచిపోతుంది. సముద్రం ఒడ్డు నుంచే కొండలు లేచిన విశాఖపట్నంలో అలా కుదరదు. బీచ్ రోడ్డు మీద హాయిగా సాగిన సైకిలే కలెక్టరాఫీసు డౌను (ఇక్కడ వాలు రోడ్డును అలా అంటారు) ఎక్కవలసి వచ్చేసరికి మొరాయిస్తుంది.

గేరు బరువును లెక్కగట్టే పద్ధతి

పెడళ్లున్న క్రాంకుకు బిగించిన పళ్ల చక్రాన్ని చైన్‌రింగ్ అంటారు. మన దుకాణాల్లో చైన్ వీల్ అన్నా అర్థమవుతుంది. వెనక చక్రం ఇరుసు మీద వరసగా పేర్చిన పళ్ల చక్రాల గుత్తి కాసెట్, లేదా పాత పద్ధతి ఇరుసైతే ఫ్రీవీల్. చైన్‌రింగ్ పళ్ల సంఖ్యను వెనక చక్రం పళ్ల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని టైరు చుట్టుకొలతతో గుణిస్తే పెడల్ ఒక చుట్టు తిరిగినప్పుడు సైకిలు ఎంత దూరం కదులుతుందో తెలుస్తుంది. హైబ్రిడ్ సైకిళ్లకు సాధారణంగా వచ్చే 700×35 టైరు చుట్టుకొలత సుమారు 2.17 మీటర్లు. ముందు 34, వెనక 34 పళ్లు ఉంటే భాగఫలం సరిగ్గా ఒకటి, అంటే చుట్టుకు 2.17 మీటర్లు. ఈ సంఖ్య తగ్గేకొద్దీ గేరు తేలిక, పెరిగేకొద్దీ బరువు. పళ్ల సంఖ్య చైన్‌రింగ్ మీదా, కాసెట్ చక్రాల మీదా సాధారణంగా చెక్కే ఉంటుంది. లేకపోతే లెక్కపెట్టుకోవచ్చు.

ఇప్పుడు ఒక ఎక్కుడును ఊహించుకుందాం. నూరు మీటర్లు ముందుకు పోతే ఎనిమిది మీటర్లు పైకి లేచే దారి, అంటే 8 శాతం వాలు. మనిషి, సైకిలు, నీళ్ల సీసా అన్నీ కలిపి 85 కిలోలు. ఆ దారిలో గంటకు 7 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి దాదాపు 140 వాట్ల శక్తి కావాలి. క్రమం తప్పకుండా తొక్కే మామూలు మనిషి ఓపిక పట్టి నిలబెట్టుకోగల శ్రమ అది. శ్రమ ఎంతన్నది ఏ గేరులోనైనా ఒకటే. ఆ శ్రమను కాళ్లు ఎన్ని చుట్లలో పంచుకుంటాయన్నదే గేరు తేల్చేది. ముందు 24, వెనక 28 పళ్లున్న గేరులో ఆ వేగానికి పెడల్ నిమిషానికి 63 చుట్లు తిరుగుతుంది. ముందు 40, వెనక 42 అయితే 56 చుట్లు. 34కు 34 అయితే 54. ముందు 44, వెనక 28 అయితే 34 చుట్లే. అరవైకి అటూ ఇటూ తిరిగితే ఎక్కుడులో కాళ్లకు సుఖం. యాభైకి దిగితే ఓర్చుకోవచ్చు. ముప్ఫై నాలుగంటే ప్రతి తొక్కుకూ ఒళ్లంతా బిగబట్టి, హ్యాండిల్ పట్టుకుని లాగవలసి వస్తుంది; ఆ బరువంతా పడేది మోకాలి చిప్ప మీద.

మీ దారి వాలు తెలుసుకోవడానికి పరికరమేదీ అక్కర్లేదు. ఎత్తు చూపించే ఫోన్ యాప్‌లో ఎక్కుడు మొదట్లోనూ, పైకి చేరాకా ఎత్తు చూసి, తేడాను దూరంతో భాగించి నూటితో గుణిస్తే సగటు వాలు వస్తుంది. సగటు కంటే మలుపుల దగ్గర నిటారుగా ఉంటుందని గుర్తుంచుకుని, ఒకటి రెండు శాతం కలుపుకోవడం మంచిది.

విశాఖలో ఎవరు ఎక్కడ తొక్కుతారు

నగరంలో సైకిలు తొక్కేవారి దారులు స్థూలంగా మూడు రకాలు. మొదటిది ఆర్కే బీచ్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి దాకా సముద్రం పక్కనే సాగే దారి. మొత్తం మీద చదునే అయినా కైలాసగిరి పాదాన, రుషికొండ దగ్గర, తొట్లకొండ చుట్టుపక్కల రోడ్డు లేచి దిగుతుంది. రెండోది ఊరి లోపలి రాకపోకలు: సిరిపురం, పాండురంగాపురం డౌను, జగదాంబ, మద్దిలపాలెం, ఎన్ఏడీ. ఇక్కడ ఎక్కుళ్లు పొట్టివే కానీ సిగ్నళ్ల దగ్గర ఆగి, వాలులోనే మళ్లీ బయల్దేరవలసి వస్తుంది. మూడోది కొండ దారులు. సింహాచలం, యారాడ, కైలాసగిరి దగ్గరవి. శృంగవరపుకోట దాటాక మొదలయ్యే అరకు ఘాట్ దూరపుది. అరకు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది, ఆ లోయలోకి దిగేముందు దారి ఇంకా పైకి ఎక్కుతుంది కూడా. గంటల తరబడి ఎక్కే అటువంటి దారిలో, కిందున్నప్పుడు పర్వాలేదనిపించిన గేరే సగం ఘాట్ ఎక్కేసరికి మోయలేని బరువవుతుంది.

ఈ మూడింటిలో మీది ఏదో నిజాయితీగా తేల్చుకుంటే సగం నిర్ణయం అయిపోయినట్టే. ఏడాదికొకసారి అరకు వెళ్లాలన్న కోరిక ఒక్కదాని కోసం రోజూ ఆఫీసుకు తొక్కే సైకిలును ఎంచుకోవడం అంత తెలివైన పని కాదు. అయితే సింహాచలం గిరి ప్రదక్షిణ చేసే దాదాపు 32 కిలోమీటర్ల దారిని మామూలు రోజున సైకిల్ మీద ఒకసారి చుట్టి రండి. ఊరి రద్దీ, సముద్రపు గాలి, చిన్నా పెద్దా ఎక్కుళ్లు అన్నీ ఆ ఒక్క చుట్టులోనే తగులుతాయి కాబట్టి మీకు ఏ గేరు కొరవడుతోందో కాళ్లే చెబుతాయి.

మూడు చైన్‌రింగులు: చిన్నచూపు చూడవలసినవి కావు

మూడు చైన్‌రింగుల సైకిలంటే పాతకాలపు సరుకని కొట్టిపారేయడం ఈమధ్య పరిపాటి అయింది. నాకు మాత్రం తక్కువ ఖర్చులో కొండ ఎక్కాలనుకునేవారికి ఇంతకంటే అక్కరకొచ్చే అమరిక ఇప్పటికీ కనిపించదు. ముందు 42, 34, 24 పళ్లు, వెనక 14 నుంచి 28 దాకా ఏడు చక్రాల ఫ్రీవీల్ ఉన్న సైకిలును తీసుకోండి. దాని అతి తేలిక గేరు 24కు 28, అంటే చుట్టుకు 1.86 మీటర్లు. పైన లెక్కలో నిమిషానికి 63 చుట్లు ఇచ్చింది ఇదే. దీని విడిభాగాలు చౌక. ఆరు, ఏడు, ఎనిమిది స్పీడ్‌ల (వెనక అన్ని పళ్ల చక్రాలున్న) సైకిళ్లకు చైను ఒకటే రకం కనుక పెద్ద ఊళ్లలోనే కాదు, చిన్న ఊళ్ల సైకిల్ దుకాణాల్లోనూ దొరుకుతుంది.

ఇరవై ఒక్క గేర్లన్నది మాత్రం పేరుకే. ఆ ఫ్రీవీల్‌లో వరసగా 14, 16, 18, 20, 22, 24, 28 పళ్లుంటాయి. ముందు 42, వెనక 24 పెడితే భాగఫలం 1.75. ముందు 34, వెనక 20 పెడితే 1.70. ముందు 24, వెనక 14 పెడితే 1.71. మూడు వేర్వేరు గేర్లని లెక్కకు వచ్చినవి కాలికి ఒక్కటే. ఇలా ఒకదానిమీద ఒకటి పడేవాటిని తీసేసి, చైను మరీ ఏటవాలుగా సాగే జతలనూ పక్కన పెడితే చేతికి మిగిలే అసలు గేర్లు పన్నెండుకు అటూ ఇటూ ఉంటాయి. ముందు పెద్దదీ వెనక పెద్దదీ, ముందు చిన్నదీ వెనక చిన్నదీ కలిపి తొక్కితే చైను ఒరుసుకుపోయి, ముందరి డిరైలర్ (చైనును ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి నెట్టే భాగం) రేకుకు రాసుకుని గరగరమంటుంది. పళ్లు తొందరగా అరిగిపోతాయి. మూడు చైన్‌రింగుల సైకిలును సరిగా వాడడమంటే చదును దారుల్లో మధ్య చైన్‌రింగు మీదే ఉండి, దిగుడులో పెద్దదానికి, ఎక్కుడు ఎదురవకముందే చిన్నదానికి మారడం. ఇది అలవాటు కావడానికి పెద్ద సమయం పట్టదు, అలవాటు కానివారు మాత్రం ఏళ్ల తరబడి ఆ చిన్న చైన్‌రింగును ముట్టుకోకుండానే తొక్కేస్తారు.

ఒక చైన్‌రింగు: ఒకే పేరున్న రెండు వేర్వేరు సైకిళ్లు

ముందు ఒకే చైన్‌రింగు ఉన్న అమరిక మౌంటెన్ సైకిళ్లలో బలంగా నాటుకున్నది 2012 తరవాత. ఆ ఏడాది స్రామ్ సంస్థ వెనక 10 నుంచి 42 పళ్ల దాకా పదకొండు చక్రాలున్న కాసెట్‌ను తెచ్చి, ముందరి డిరైలర్ లేకుండానే కొండ ఎక్కవచ్చని చూపించింది. 2016లో అదే సంస్థ పన్నెండు చక్రాలతో 50 పళ్లకు వెళ్లింది. షిమానో 2018లో 51 పళ్లతో వచ్చింది. ముందు 32, వెనక 51 అంటే 29 అంగుళాల చక్రం మీద కూడా చుట్టుకు 1.44 మీటర్లే. మూడు చైన్‌రింగుల అమరిక ఇచ్చే తేలిక గేరు కంటే ఇది ఇంకా తేలిక.

ఇబ్బందల్లా ఇదే మాటను అడ్డం పెట్టుకుని అమ్ముడయ్యే ఇంకో రకంతో. ముందు 42 లేదా 44 పళ్ల చైన్‌రింగు ఒకటి, వెనక 14 నుంచి 28 దాకా ఏడు చక్రాల మామూలు ఫ్రీవీల్. చూపులకు శుభ్రంగా, కొత్త పోకడగా ఉంటుంది. లోపల జరిగిందల్లా మూడు చైన్‌రింగుల్లో ఉపయోగపడే రెండింటిని తీసేసి ఖర్చు తగ్గించుకోవడమే. నిమిషానికి 34 చుట్ల దగ్గర మోకాళ్లను పిండేసిన గేరు ఇలాంటి సైకిలుదే. ఆర్కే బీచ్ మీద ఉదయపు షికారుకు తప్ప విశాఖలో మరెందుకూ దీన్ని సిఫార్సు చేయలేను. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు, కాసెట్‌లో పెద్ద చక్రానికి ఎన్ని పళ్లున్నాయో చూడకుండా సింగిల్ చైన్‌రింగు అన్న మాట ఒక్కదాన్నీ నమ్మి కొనకూడదు.

ఊరి దారులకు, భీమిలి రోడ్డుకు, అప్పుడప్పుడు కైలాసగిరికి సరిపడే ఒక చైన్‌రింగు సైకిలులో ఏముండాలో చెప్పుకుందాం. ముందు 36 నుంచి 40 పళ్లు, వెనక 11 నుంచి 42 పళ్ల కాసెట్ ఉంటే చాలు. 38కి 42 అయితే చుట్టుకు 1.96 మీటర్లు, మన ఊహా ఎక్కుడులో నిమిషానికి 59 చుట్లు. పై కొసన 40కి 11 అయినా పెడల్ నిమిషానికి 90 చుట్లు తిప్పితే వేగం గంటకు 42 కిలోమీటర్లు దాటుతుంది. రద్దీ రోడ్డు మీద అంతకంటే వేగం ఎలాగూ కోరదగినది కాదు. తొమ్మిది, పది స్పీడ్‌ల కాసెట్లు ఈ పరిధిలో షిమానో, మైక్రోషిఫ్ట్ రెండు సంస్థలవీ ఉన్నాయి, పన్నెండు స్పీడ్ కోసం అప్పు చేయనక్కర్లేదు. వెనక డిరైలర్‌కు క్లచ్, అంటే చైను ఎగరకుండా బిగువుగా పట్టి ఉంచే ఏర్పాటు, ఉందో లేదో, చైన్‌రింగ్ పళ్లు ఒకటి వెడల్పు ఒకటి సన్నం చొప్పున ఉన్నాయో లేదో తప్పక చూడాలి. ముందు డిరైలర్ లేనప్పుడు గతుకుల్లో చైను ఊడిపోకుండా ఆపేవి ఈ రెండే.

గేర్లు మార్చడానికి ఒకే మీట ఉండడంలో ఉన్న సుఖాన్ని కూడా తక్కువ చేయకూడదు. బస్సు పక్కనుంచి ఒరుసుకుపోతున్నప్పుడు ఎడమ చేత్తో ఏ చైన్‌రింగు, కుడి చేత్తో ఏ చక్రం అని ఆలోచించే తీరిక ఉండదు. కొత్తగా గేర్లు నేర్చుకునే పిల్లలకూ, చాలా ఏళ్ల తరవాత మళ్లీ సైకిలెక్కుతున్న పెద్దవారికీ ఈ కారణంగానే ఒక చైన్‌రింగు నయం.

రెండు చైన్‌రింగులు: గాలి ఎదురైనప్పుడు తెలిసే తేడా

వేసవిలో పొద్దెక్కాక నైరుతి నుంచి వీచే గాలి మన తీరం పొడుగునా సాగుతుంది. పొద్దున్నే భీమిలికి వెళ్లి ఆలస్యంగా తిరిగి బయల్దేరినవారికి అది సరిగ్గా ముఖాన కొడుతుంది. ఎదురుగాలిలో గంటల కొద్దీ ఒకే లయలో తొక్కాలంటే ఒక గేరుకూ తరవాతి గేరుకూ మధ్య ఎడం తక్కువగా ఉండాలి. ఒక చైన్‌రింగు అమరికలో దెబ్బ తగిలేది ఇక్కడే.

పది స్పీడ్ 11–42 కాసెట్‌లో చక్రాలు 11, 13, 15, 18, 21, 24, 28, 32, 37, 42. ముందు 40 పళ్లతో గంటకు 25 కిలోమీటర్ల వేగంలో పోతున్నారనుకుందాం. వెనక 18 మీద ఉంటే పెడల్ నిమిషానికి 86 చుట్లు తిరుగుతుంది, 15కు మారితే ఒక్కసారిగా 72కు పడిపోతుంది. ఒకటి మరీ చురుకు, ఇంకొకటి మరీ బరువు. మీకు 80 కావాలంటే ఆ గేరు అక్కడ లేదు. ముందు 50, 34 పళ్లు, వెనక పదకొండు స్పీడ్ 11–34 కాసెట్ ఉన్న సైకిలులో అదే వేగానికి 23, 21, 19 పళ్ల మీద వరసగా 88, 81, 73 చుట్లు దొరుకుతాయి. తేడా ఏడెనిమిది చుట్లే కాబట్టి గాలి కాస్త పెరిగినా తగ్గినా కాలి లయ చెదరదు. ఊరిలో తిరిగేవారికి ఇది పట్టింపే కాదు. వందేసి కిలోమీటర్లు పోయేవారికీ, గుంపులో ఒకరి వెనక ఒకరు పోయేవారికీ ఇదే అసలు విషయం.

రెండు చైన్‌రింగులు ఎంచుకునేవారు కాసెట్‌లో పెద్ద చక్రం 32 కంటే తగ్గకుండా, వీలైతే 34 ఉండేలా చూసుకోవాలి. పందెగాళ్ల కోసం చేసిన 53, 39 జోడీ జోలికి కొండలున్న ఊళ్లో పోవద్దు. 50, 34 సరిపోతుంది. బరువు సామాను కట్టుకుని దూర ప్రయాణాలు చేసేవారికి 46, 30 ఇంకా మేలు. 30కి 34 అంటే చుట్టుకు 1.91 మీటర్లు, ఇది దాదాపు మూడు చైన్‌రింగుల సైకిలు ఇచ్చే తేలికకు చేరుకుంటుంది. అరకు ఘాట్ ప్రతి శీతకాలమూ ఎక్కాలనీ, బీచ్ రోడ్డు మీద వేగంగానూ పోవాలనీ, అదీ ఒకే సైకిలు మీద కావాలనీ కోరుకునేవారికి నేను సూచించేది ఈ జోడీయే.

పెద్ద చైన్‌రింగు నుంచి చిన్నదానికి దిగినప్పుడు కాళ్ల కింద ఒక్కసారి పట్టు పోయినట్టవుతుంది. 50 నుంచి 34కు అంటే మూడో వంతు తగ్గుదల కనుక అది సహజమే. ముందు చిన్నదానికి దింపుతూనే వెనక రెండు చక్రాల మేర బరువు గేరుకు మారితే ఆ కుదుపు ఉండదు. ఎక్కుడు మొదలై కాళ్లు బిగుసుకున్నాక ముందరి గేరు మార్చబోతే చైను ఇరుక్కుంటుంది లేదా ఊడి ఫ్రేము మీద పడుతుంది. నాలుగు చుట్ల ముందే, తొక్కుడు కాస్త సడలించి మార్చాలి.

ఉప్పుగాలి లెక్క

సముద్రం పక్కన నివసించేవారు గేర్లు ఎంచుకునేటప్పుడు తుప్పును కూడా లెక్కలోకి తీసుకోవాలి. బీచ్ రోడ్డు మీద కొన్నాళ్లు తిరిగిన సైకిలును వంగి చూస్తే ముందరి డిరైలర్ కీళ్ల దగ్గర తెల్లగా పేరుకున్న ఉప్పు, దానిమీద నల్లటి జిడ్డు, వాటి మధ్య సన్నని ఇసుక కనిపిస్తాయి. చాలా సైకిళ్లలో ముందరి డిరైలర్‌ను పెద్ద చైన్‌రింగు వైపు లాగేది కేబులు, చిన్నదాని వైపు తిరిగి తెచ్చేది లోపలి స్ప్రింగు. కీళ్లు బిగుసుకుంటే చేతి బలంతో కేబులు లాగి పెద్దదానికి ఎక్కించగలం గానీ, స్ప్రింగు మాత్రం ఆ బిగువును గెలవలేదు. ఫలితంగా పెద్దదాని మీద ఎక్కి కూర్చున్న చైను సరిగ్గా ఎక్కుడు మొదట్లోనే కిందికి దిగనంటుంది. రెండు, మూడు చైన్‌రింగులున్న సైకిలును విశాఖలో వాడేవారు వారానికొకసారి ఆ కీళ్లను తడిగుడ్డతో తుడిచి, ఆరాక ఒక్కొక్క చుక్క నూనె వేసి, మీటను పదిసార్లు అటూ ఇటూ ఆడించాలి. కేబుళ్లు మార్చేటప్పుడు స్టెయిన్‌లెస్ స్టీలువే అడగాలి.

ఒక చైన్‌రింగు సైకిలుకు ఈ బాధ ఉండదు, అందుకే ఒడ్డుకు దగ్గరగా, బాల్కనీలోనో మెట్ల కిందో సైకిలు ఉంచేవారు దానివైపు మొగ్గడంలో అర్థముంది. దానికి వేరే ఖర్చుంటుంది. ఒకే చైన్‌రింగు నుంచి చైను కాసెట్ రెండు కొసలకూ ఏటవాలుగా సాగాలి కాబట్టి కొసల చక్రాల మీద అరుగుదల ఎక్కువ, స్పీడ్‌లు పెరిగేకొద్దీ చైను సన్నబడుతుంది, ధర పెరుగుతుంది. చైను సాగిందో లేదో స్కేలుతో చూడవచ్చు. కొత్త చైనులో పన్నెండు జతల లింకులు, అంటే ఇరవై నాలుగు పిన్నుల దూరం, 304.8 మిల్లీమీటర్లు. పదకొండు, పన్నెండు స్పీడ్‌ల చైను 306.3కు, అంతకంటే తక్కువ స్పీడ్‌లది 307కు చేరగానే మార్చేయాలి. తాత్సారం చేస్తే ఖరీదైన కాసెట్‌నూ వెంట తీసుకుపోతుంది.

నూనె గురించి ఒక్క మాట. ఇంట్లో ఉందికదా అని కొబ్బరినూనె వేసేవారున్నారు. అది సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలవుతుంది కనుక జనవరి తెల్లవారుజామున చైను జిగురు పట్టినట్టు తిరుగుతుంది. సైకిల్ చైను కోసమే అమ్మే నూనె వేసి, పైన మిగిలినదాన్ని పొడిగుడ్డతో తుడిచేయడమే సరైన పద్ధతి.

ఉన్న సైకిలునే మార్చుకోవాలనుకుంటే

కొత్తది కొనేముందు పాతదాన్ని సరిచేసుకునే దారి ఉందేమో చూడాలి. ముందు 42 పళ్లున్న చైన్‌రింగును 38కి మారిస్తే అన్ని గేర్లూ ఒక్కసారిగా పదో వంతు దాకా తేలికవుతాయి. అన్నిటికంటే తక్కువ ఖర్చుతో అయ్యే మార్పు ఇదే. అయితే చౌక సైకిళ్లలో చైన్‌రింగులను క్రాంకుకు రివెట్లతో కొట్టేసి ఉంచుతారు. బోల్టులు లేకపోతే క్రాంకు మొత్తం మార్చక తప్పదు. బోల్టులుంటే వాటి మధ్య కొలతను బట్టి ఎంత చిన్న చైన్‌రింగు పడుతుందన్న హద్దు ఉంటుంది. 104 మిల్లీమీటర్ల రకానికి సాధారణంగా 32, 110 రకానికి 33 లేదా 34 పళ్ల కంటే తక్కువ బిగించలేం.

మూడు చైన్‌రింగులను తీసేసి ఒకటి పెట్టించుకోవాలనుకునేవారు వెనక ఇరుసును ముందు చూసుకోవాలి. మర మాదిరిగా తిప్పి బిగించే ఫ్రీవీల్ రకమైతే పెద్ద కాసెట్ దానిమీదకు ఎక్కదు, చక్రమే మార్చాలి. కాసెట్ ఇరుసైతే 11 పళ్లతో మొదలయ్యే కాసెట్లు సాధారణంగా సరిపోతాయి, 10 పళ్లతో మొదలయ్యేవాటికి వేరే రకం ఇరుసు కావాలి. తరవాత డిరైలర్. దాని మీద రాసి ఉన్న అతి పెద్ద చక్రం హద్దు 34 అయితే 42 పళ్ల కాసెట్ పెట్టడం కుదరదు. కాసెట్, డిరైలర్, మీట, చైను, చైన్‌రింగు, పొట్టి బోల్టులు, కూలీ అన్నీ కూడితే తగ్గే బరువు పావుకిలో పైచిలుకే. నా మటుకు, మూడు చైన్‌రింగుల సైకిలు బాగా నడుస్తున్నంతకాలం ఈ మార్పు దండగ. చైను, ఫ్రీవీల్, చైన్‌రింగులు మూడూ ఒకేసారి అరిగిపోయి ఎలాగూ ఖర్చు తప్పని రోజున ఆలోచించవచ్చు.

దుకాణంలో చూడవలసినవి

వెనక చక్రాన్ని పైకెత్తి పట్టుకోమని దుకాణదారును అడిగి, ఒక చైన్‌రింగు సైకిలైతే చైనును వెనక అతి పెద్ద చక్రం మీదకు ఎక్కించి పెడల్‌ను వెనక్కి తిప్పండి. రెండు మూడు చుట్లలోనే చైను పక్క చక్రం మీదకు జారిపోతే చైన్‌రింగు కాసెట్ నడిమికి ఎదురుగా లేదన్నమాట. కొన్నిసార్లు సరిచేయవచ్చు, సరిచేసి చూపించేదాకా ఒప్పుకోవద్దు. రెండు, మూడు చైన్‌రింగులున్నదైతే పెద్దదాని నుంచి చిన్నదానికి పదిసార్లు దింపి చూడండి. ప్రతిసారీ వెంటనే దిగాలి. చైను లోపలికి పడిపోకూడదు. చైన్‌రింగ్, కాసెట్ పళ్ల సంఖ్యలు కాగితం మీద రాసుకుని అక్కడే భాగించండి. అతి తేలిక గేరు 0.9 దగ్గరకు వస్తే కొండ దారులకూ, 1.0 అయితే పొట్టి ఎక్కుళ్లకూ పనికొస్తుంది. 1.2 దాటితే బీచ్ రోడ్డుకు పరిమితం.

ఆ తరవాత రోడ్డు మీదకు తీసుకెళ్లనివ్వమని అడగండి. దుకాణం ముందున్న చదును రోడ్డు మీద చిన్న చుట్టు కొట్టిస్తే ఏ సైకిలైనా బాగానే ఉంటుంది. దగ్గరలో ఏ డౌను ఉంటే అక్కడికి వెళ్లి, సగంలో ఆగి, కూర్చున్నచోటి నుంచే మళ్లీ బయల్దేరి పైదాకా ఎక్కండి. పైకి చేరేసరికి మీటలో ఇంకా ఒకటో రెండో తేలిక గేర్లు వాడకుండా మిగిలి ఉండాలి. ఊరిలోని డౌనుకే ఆఖరి గేరు వాడవలసి వస్తే, సింహాచలం కొండకు ఆ సైకిలులో గేరు లేనట్టే.